4.80 మీటర్ల దగ్గర సున్నా: డాన్ ఓబ్రియన్ డెకాథ్లాన్ లెక్క

1992 జూన్ 27. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్, టాడ్ గోర్మ్‌లీ స్టేడియం. బార్సిలోనా ఒలింపిక్స్‌కు వెళ్లే అమెరికా జట్టు ఎంపిక పోటీలు జరుగుతున్నాయి. డెకాథ్లాన్‌లో పది అంశాలకు ఏడు అయిపోయాయి, పట్టికలో డాన్ ఓబ్రియన్ అందరికంటే పైనున్నాడు. అది తుమ్మితే ఊడే ఆధిక్యం కాదు. ముందటి ఏడాది టోక్యోలో 8,812 పాయింట్లతో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు అతను. ఇక్కడ గెలవాల్సిన పని కూడా లేదు, మొదటి ముగ్గురిలో ఉంటే చాలు. ఎనిమిదో అంశం పోల్ వాల్ట్. తక్కువ ఎత్తుల దగ్గర 'పాస్' చెబుతూ, అంటే దూకకుండా వదిలేస్తూ కూర్చుని, బార్ 4.80 మీటర్లకు చేరాక మొదటిసారి పోల్ పట్టుకున్నాడు. మొదటి ప్రయత్నం పోయింది, రెండోదీ పోయింది, మూడోసారీ బార్ దాటలేదు.

పోల్ వాల్ట్‌లో ఒక్క ఎత్తయినా దాటనివాడికి వచ్చేది సున్నా. నిబంధనల ప్రకారం మిగిలిన రెండు అంశాల్లో పాల్గొనవచ్చు, అంతవరకే. ప్రపంచ ఛాంపియన్‌కు బార్సిలోనా టికెట్ దక్కలేదు.

ఓబ్రియన్ జీవితకథ చెప్పేవాళ్లు దీన్ని 'ఒత్తిడికి లొంగిపోయిన రోజు' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఒత్తిడి ఉండే ఉంటుంది, ఎవరికి ఉండదు? అసలు తప్పు మాత్రం జంప్‌లో కన్నా దానికి ముందే, ఎక్కడ మొదలుపెట్టాలన్న నిర్ణయంలో జరిగింది. ఆ తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే ముందు పాయింట్లు ఎలా వస్తాయో చూడాలి.

డెకాథ్లాన్‌లో తోటి ఆటగాడిని ఓడించినందుకు పాయింట్లు రావు. ప్రతి అంశానికీ ఒక సూత్రం ఉంటుంది, మన సమయమో దూరమో అందులో వేస్తే పాయింట్లు తేలతాయి. ఇప్పటి సూత్రాలు 1985 నుంచి అమల్లో ఉన్నాయి. 100 మీటర్లకు సూత్రం ఇది: 18 లోంచి పరుగు సమయాన్ని తీసేయాలి, వచ్చినదానికి 1.81 ఘాతం కట్టాలి, దాన్ని 25.4347తో గుణించాలి. 10.43 సెకన్లలో పరుగెత్తితే 18 లోంచి పోగా 7.57. దానికి 1.81 ఘాతం సుమారు 39.01. గుణిస్తే 992.2. దశాంశం తర్వాతది ఎంతున్నా కొట్టేస్తారు కాబట్టి 992. పక్క అంకెకు సవరించడం ఉండదు, 992.9 వచ్చినా 992 పాయింట్లే.

జంపులను సూత్రంలో సెంటీమీటర్లలో వేయాలి, త్రోలను మీటర్లలో. కంప్యూటర్ షీటులో సొంతంగా లెక్క కట్టుకునేవాళ్లు మొదట పొరబడేది ఇక్కడే. లాంగ్ జంప్ గడిలో 8.08 అని వేస్తే షీటు తప్పు చూపిస్తుంది, 808 అని వేయాలి. స్టాప్‌వాచ్‌తో చేత్తో తీసిన సమయమైతే 100 మీటర్లకు 0.24 సెకన్లు కలపాలి. అది మరిచిపోతే జిల్లా మీట్‌లో తీసిన పరుగుకు 60 దాకా పాయింట్లు ఊరికే వచ్చి చేరతాయి.

ఇదే పద్ధతిలో పోల్ వాల్ట్ లెక్క కడితే 4.40 మీటర్లకు 731, 4.60కి 790, 4.80కి 849, 5.00కి 910 పాయింట్లు. అంటే ఈ ఎత్తుల దగ్గర బార్ 10 సెంటీమీటర్లు పెరిగినప్పుడల్లా వచ్చేది 30 పాయింట్లు. ఎక్కడ మొదలుపెట్టినా, చివరికి 5.00 దాటినవాడికి 910 వస్తాయి. 4.40 దగ్గర మొదలుపెట్టినంత మాత్రాన ఒక్క పాయింటూ తగ్గదు. మరి కింది ఎత్తులు వదిలేయడం వల్ల లాభమేమిటి? కాళ్లలో సత్తువ మిగలడం. రెండు రోజుల్లో ఎనిమిదో అంశం అది, అదే ఉదయం హర్డిల్స్, డిస్కస్ అయిపోయి ఉంటాయి. ఆ స్థితిలో ఒంట్లో మిగిలే మంచి జంపులు కొన్నే. వాటిని పై ఎత్తులకు దాచుకోవాలనుకోవడం తెలివితక్కువ ఆలోచనేమీ కాదు.

కానీ దాని ధర చూడండి. దాచుకున్న సత్తువతో ఒక బార్ ఎక్కువ దాటాడనే అనుకుందాం. లాభం 30. ఏదీ దాటకపోతే నష్టం 850 నుంచి 900 దాకా. పందెం ముప్పైకి ఒకటి. అంటే కింది ఎత్తులు వదిలేయడం వల్ల సున్నా వచ్చే ప్రమాదం మూడున్నర శాతం పెరిగినా ఆ 30 పాయింట్ల లాభం తుడిచిపెట్టుకుపోయినట్టే. పైగా ఇది ఎంపిక పోటీ. ఇక్కడ ఎక్కువ పాయింట్లకు విడిగా బహుమతి లేదు, మూడో స్థానంతో వెళ్లినవాడూ మొదటివాడూ బార్సిలోనాలో సున్నా నుంచే మొదలుపెడతారు. లాభమే లేని చోట ప్రమాదాన్ని కొనుక్కున్నట్టయింది. వ్యక్తిగత పోల్ వాల్ట్‌లో ఎత్తులు వదిలేయడానికి వేరే కారణం ఉంటుంది. అక్కడ సమానమైన ఎత్తు దగ్గర ఎవరు తక్కువసార్లు విఫలమయ్యారో చూస్తారు. డెకాథ్లాన్‌లో వైఫల్యాల లెక్క పాయింట్లలోకి రాదు, మూడో ప్రయత్నంలో దాటినా అవే 849.

పోల్ వాల్ట్ అంత నమ్మరాని అంశం ఎందుకయింది అన్నది ఇంకో సంగతి. పరుగులో తడబడితే సెకనులో పదో వంతు పోతుంది, 100 మీటర్లలో అది 24 పాయింట్లు. షాట్‌పుట్ సరిగ్గా పడకపోతే మీటరు పోతుంది, 60 పాయింట్లు. ఇవన్నీ కొంత పోయి కొంత మిగిలే నష్టాలు. పోల్ వాల్ట్‌లో అలా కుదరదు. పరుగు మొదలుపెట్టే గుర్తు నుంచి పోల్ కొన ఆనించే పెట్టె దాకా అడుగుల లెక్క ఒకటే ఉండాలి. ఎదురుగాలి వీస్తేనో, కాళ్లు అలిసిపోతేనో ప్రతి అడుగూ ఒకటి రెండు సెంటీమీటర్లు కురచబడుతుంది, చివరికొచ్చేసరికి ఎగరాల్సిన చోటు జానెడు తప్పుతుంది. వెనక గాలి తోస్తే ఎగిరే కాలు పై చేతికి సరిగ్గా కిందో, కాస్త వెనకో పడాల్సింది బాగా లోపలికి వచ్చేస్తుంది. అప్పుడు పోల్‌లోకి వెళ్లాల్సిన వేగం నడుములోకి, భుజాల్లోకి వెళ్లి ఆగిపోతుంది. పోల్ వంగదు, లేదా వంగి నిటారు కాకముందే మనిషిని వెనక్కి తోసేస్తుంది.

దీనికి తోడు పోల్ గట్టిదనం. ప్రతి పోల్‌కూ పొడవుతో పాటు అది మోయగల బరువు రాసి ఉంటుంది. ఆటగాడు ఒక వరసలో నాలుగైదు తెచ్చుకుంటాడు, తక్కువ ఎత్తుకు మెత్తనిది, పైకి పోయేకొద్దీ గట్టిది. కింది ఎత్తుల దగ్గర మెత్తటి పోల్‌తో ఒకటి రెండు దాటితే ఆ రోజు తన వేగం ఎంతుందో, గాలి ఎటుందో, అడుగు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. గుర్తును అరడుగు వెనక్కో ముందుకో జరుపుకోవచ్చు. బార్ నిలబడే స్టాండ్లను పరుపు వైపు 80 సెంటీమీటర్ల దాకా వెనక్కి పెట్టించుకోవచ్చు. ఆ కింది జంపులు పాయింట్ల కోసం కాదు, కొలత కోసం. వాటిని వదిలేసినవాడు గంటకు పైగా ఎండలో కూర్చుని, చల్లబడిన కాళ్లతో లేచి, గట్టి పోల్‌తో, ఎత్తయిన బార్ మీద ఆ కొలతలు తీసుకోవాలి. అందుకు అతని చేతిలో ఉన్నవి మూడే ప్రయత్నాలు. మొదటిది పోగానే మిగతా రెండూ జంపులుగా ఉండవు, భయంగా మారిపోతాయి. పరుగు చివర్లో వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే అదే పోల్ ఇంకా గట్టిగా అనిపిస్తుంది.

ఓబ్రియన్‌కు 4.80 ఎత్తుకు మించినది కాదు. రెండున్నర నెలలు తిరగకముందే 5.00 దాటి చూపించాడు. ఆ సంగతికి వచ్చేముందు న్యూ ఆర్లీన్స్ వైఫల్యం అంత పెద్ద వార్త ఎందుకయిందో చెప్పాలి. ఆ ఏడాది జనవరిలో రీబాక్ కంపెనీ ఓబ్రియన్‌ను, అతని ప్రత్యర్థి డేవ్ జాన్సన్‌ను పెట్టి కోట్ల డాలర్లతో టీవీ ప్రకటనలు మొదలుపెట్టింది. డెకాథ్లాన్ అంటే ఏమిటో తెలియని అమెరికన్లకు కూడా డాన్, డేవ్ పేర్లు ఇంటింటా తెలిశాయి. ఇద్దరిలో ప్రపంచపు గొప్ప అథ్లెట్ ఎవరో బార్సిలోనాలో తేలుతుందన్నది ప్రకటనల సారాంశం. ఒకరు ఆ ఊరికే వెళ్లలేకపోయారు. వెళ్లిన జాన్సన్ పాదం ఎముకలో చీలికతోనే పోటీపడి 8,309 పాయింట్లతో కాంస్యం తెచ్చుకున్నాడు. స్వర్ణం చెకోస్లొవేకియా ఆటగాడు రాబర్ట్ జ్మెలిక్‌కు, 8,611 పాయింట్లతో. టోక్యోలో ఓబ్రియన్ చేసినదానికి అది 201 తక్కువ.

ఆ ఆగస్టు ఒలింపిక్స్ ముగిసి నెల కాకముందే, సెప్టెంబర్ 4, 5 తేదీల్లో, ఫ్రాన్స్‌లోని తాలాన్స్ పట్టణంలో ఓబ్రియన్ 8,891 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. బ్రిటన్ దిగ్గజం డేలీ థామ్సన్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నాటి స్కోరు, 1985 సూత్రాలతో లెక్కిస్తే 8,847, అప్పటిదాకా రికార్డు. 44 పాయింట్ల తేడాతో అది చెరిగిపోయింది. అంశాల వారీగా విప్పి చూస్తేనే ఈ రికార్డు స్వభావం తెలుస్తుంది.

మొదటి రోజు: 100 మీటర్లు 10.43 సెకన్లు, 992. లాంగ్ జంప్ 8.08 మీటర్లు, 1,081. షాట్‌పుట్ 16.69 మీటర్లు, 894. హై జంప్ 2.07 మీటర్లు, 868. 400 మీటర్లు 48.51 సెకన్లు, 885. మొత్తం 4,720.

రెండో రోజు: 110 మీటర్ల హర్డిల్స్ 13.98 సెకన్లు, 977. డిస్కస్ 48.56 మీటర్లు, 840. పోల్ వాల్ట్ 5.00 మీటర్లు, 910. జావెలిన్ 62.58 మీటర్లు, 777. 1,500 మీటర్లు 4 నిమిషాల 42.10 సెకన్లు, 667. మొత్తం 4,171.

ఇందులో వెయ్యి దాటింది ఒక్క లాంగ్ జంపే. అయినా తొమ్మిది అంశాల్లో 770 కంటే కిందికి దిగిన స్కోరు లేదు. ఓబ్రియన్ బలం అదే: పరుగు వేగం ఉన్నవాళ్లకు సాధారణంగా త్రోలు రావు, బరువు విసిరేవాళ్లకు హర్డిల్స్ రావు. అతనికి రెండూ ఉన్నాయి. 16.69 మీటర్ల షాట్‌పుట్, 8.08 లాంగ్ జంప్ ఒకే మనిషి ఒకే రోజు చేయడం డెకాథ్లాన్ ప్రపంచంలో ఇప్పటికీ అరుదు. పోల్ వాల్ట్ 910 కూడా పక్కన పెట్టండి, అది న్యూ ఆర్లీన్స్‌కు జవాబు. తేలిపోయేది చివరి 667. ఆ పరుగుకు ముందు అతని దగ్గర 8,224 పాయింట్లున్నాయి. రికార్డుకు సుమారు 4 నిమిషాల 49 సెకన్లు చాలు. ఏడు సెకన్లు ముందే వచ్చాడు, బాగానే ఉంది. అదే 4 నిమిషాల 25 సెకన్లలో పరుగెత్తి ఉంటే 9,000 దాటిన మొదటి మనిషి అయ్యుండేవాడు. ఆ గౌరవం 2001లో చెక్ ఆటగాడు రోమన్ షెబ్ర్లెకు, 9,026తో దక్కింది.

1993 స్టుట్‌గార్ట్‌లో 8,817, 1995 గోథెన్‌బర్గ్‌లో 8,695. వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు. మధ్యలో 1993లో టొరంటోలో ఇండోర్ హెప్టాథ్లాన్ (ఏడు అంశాల పోటీ) ప్రపంచ రికార్డు, 6,476. ఆ గెలుపుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అప్పట్లో అతని దరిదాపుల్లో ఉన్నవాళ్లు తక్కువ. కోచ్‌లు మైక్ కెల్లర్, రిక్ స్లోన్ ఆ నాలుగేళ్లూ అతని వెంటే ఉన్నారు.

1996 అట్లాంటా మాత్రం ఆగి చూడాల్సిందే. ఒలింపిక్ స్వర్ణం, 8,824 పాయింట్లు. తాలాన్స్ కన్నా 67 తక్కువ. పక్కపక్కన పెడితే అదే మనిషి వేరే దారిలో దాదాపు అక్కడికే వచ్చాడని తెలుస్తుంది. లాంగ్ జంప్‌లో 7.57 మీటర్లే దూకాడు, 129 పాయింట్లు పోయాయి. షాట్‌పుట్‌లో 15.66, ఇంకో 64 పోయాయి. 100 మీటర్లలో 17 పోయాయి. అంటే మూడు అంశాలు పూర్తయ్యేసరికి తన రికార్డు కన్నా 210 వెనక. అక్కణ్నుంచి కోలుకున్న తీరు చూడండి. హై జంప్ అదే 2.07. 400 మీటర్లు 46.82 సెకన్లలో, తాలాన్స్ కన్నా 82 ఎక్కువ. ఆ దూరంలో ఒక సెకను దాదాపు 48 పాయింట్లకు సమానం, కాబట్టి 1.69 సెకన్లు తగ్గించడమంటే లాంగ్ జంప్ నష్టంలో సగానికి పైగా తిరిగి తెచ్చుకున్నట్టు. హర్డిల్స్ 13.87 సెకన్లలో, 14 ఎక్కువ. డిస్కస్ 48.78 మీటర్లు, 5 ఎక్కువ. జావెలిన్ 66.90 మీటర్లు, 65 ఎక్కువ. పోల్ వాల్ట్? మళ్లీ 5.00 మీటర్లు, మళ్లీ 910. నాలుగేళ్ల తేడాతో, ఒక ప్రపంచ రికార్డులో, ఒక ఒలింపిక్ స్వర్ణంలో, అదే అంకె.

తొమ్మిది అంశాలు ముగిశాక జర్మనీ కుర్రాడు ఫ్రాంక్ బుసెమన్ కన్నా 209 పాయింట్లు ముందున్నాడు. 1,500 మీటర్లలో ఒక సెకనుకు ఆరు పాయింట్ల చొప్పున చూస్తే, బుసెమన్ వెనక అర నిమిషం లోపు వచ్చినా చాలు. 4 నిమిషాల 45.89 సెకన్లలో వచ్చి, 644 పాయింట్లు తీసుకుని, 118 తేడాతో గెలిచాడు.

సున్నా దెబ్బ తిన్నవాడు ఓబ్రియన్ ఒక్కడే కాదు. పశ్చిమ జర్మనీకి చెందిన యుర్గెన్ హింగ్‌సెన్, ఒకప్పటి ప్రపంచ రికార్డు వీరుడు, 1988 సియోల్‌లో మొట్టమొదటి అంశమైన 100 మీటర్లలోనే మూడుసార్లు ఫాల్స్ స్టార్ట్ చేసి బయటికి వెళ్లిపోయాడు. ఫ్రాన్స్‌కు చెందిన కెవిన్ మేయర్ 2018 ఆగస్టులో బెర్లిన్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో లాంగ్ జంప్ మూడు ప్రయత్నాల్లోనూ ఫౌల్ చేశాడు. మూడు ప్రయత్నాలే ఉండే అంశంలో రెండు ఫౌల్‌ల తర్వాత అడుగు ముందుకో వెనక్కో జరుపుకుని, బోర్డుకు ఇవతలే ఎగిరి, 30 సెంటీమీటర్లు పోయినా పోనిమ్మనడం డెకాథ్లాన్‌లో నేర్పే మొదటి పాఠం. ఆ 30 సెంటీమీటర్లు 75 పాయింట్లు, ఫౌల్ అయితే పోయేది 1,000. మేయర్ అలా చేయలేదు. ఆరు వారాలు తిరక్కుండా, ఓబ్రియన్ రికార్డు పెట్టిన అదే తాలాన్స్‌లో 9,126 చేశాడు, ఇప్పటికీ అదే ప్రపంచ రికార్డు. పెద్ద వైఫల్యం, కొన్ని వారాల్లో పెద్ద రికార్డు, ఇద్దరి రికార్డులూ అదే పట్టణంలో రావడం కాకతాళీయమే. శరీరం సిద్ధంగా ఉంది, చెడింది నిర్ణయం మాత్రమే అనడానికి మాత్రం రెండు కథలూ ఒకటే రుజువు.

దీనికి ఎదురుగా 1984లో థామ్సన్ డిస్కస్‌ను పెట్టవచ్చు. మొదటి రెండు త్రోలు సరిగా పడలేదు, పక్కన హింగ్‌సెన్ 50.82 మీటర్లతో తన అత్యుత్తమం విసిరి ఉన్నాడు. మూడో త్రో 46.56 మీటర్లు. ఆధిక్యం చేజారలేదు.

ఇంత చిన్న అంకెల మీద పతకాలు తేలడం మనవాళ్లకూ అనుభవమే. మహిళల హెప్టాథ్లాన్‌కు కూడా ఇదే తరహా సూత్రాలు. 2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెలంగాణ అమ్మాయి నందిని అగసర 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో ఉన్న స్వప్న బర్మన్‌కు 5,708. చివరి అంశమైన 800 మీటర్లలో నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా లేదు.

ఓబ్రియన్ 8,891 ప్రపంచ రికార్డు 1999 జూలైలో పోయింది, ప్రాగ్‌లో తోమాష్ ద్వోర్జాక్ 8,994 చేశాడు. అమెరికా రికార్డుగా మాత్రం 2012 దాకా నిలిచింది. ఆ ఏడాది యూజీన్‌లో, ఒలింపిక్ ఎంపిక పోటీల్లోనే, ఆష్టన్ ఈటన్ 9,039తో ప్రపంచ రికార్డూ అమెరికా రికార్డూ కలిపి పట్టుకుపోయాడు. ఈటన్ 1,500 మీటర్లను 4 నిమిషాల 14.48 సెకన్లలో పరుగెత్తాడు, 850 పాయింట్లు. ఓబ్రియన్ తాలాన్స్‌లో తీసుకున్నవి 667. ఆ చివరి పరుగును రెండు స్కోర్ల లోంచి తీసేస్తే, తొమ్మిది అంశాలకు ఈటన్ 8,189 దగ్గర ఆగుతాడు. ఓబ్రియన్ 8,224, ముప్పై అయిదు పాయింట్లు ముందు.